ఫోను చల్లారేలోగా

చెవిటివాడితో లోకం రెండే మాటలు మాట్లాడుతుంది. తిన్నావా, పడుకున్నావా. వేళ్ళు నోటిదగ్గర పెట్టి ఒకటి, అరచెయ్యి చెంపకింద పెట్టి ఒకటి. మూడో మాటకు ఓపిక ఎవరికుంది? సత్యవేడుకు ఏడెనిమిది కిలోమీటర్ల అవతల, ఇంకో నాలుగు పొలాలు దాటితే తమిళనాడు వచ్చేసే పల్లెలో, సుకుమార్ ఏడేళ్ళుగా ఆ రెండు మాటలతోనే బతుకు ఈడ్చాడు.

అతను పుట్టుచెవిటివాడు కాదు. అంతకుముందు అతని బతుకుతెరువే గొంతు. ఊరికి పడమర కొండకింద రాళ్ళ క్వారీలో అతని పని అరవడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, అదీ పనే. గుంతల్లో మందు పెట్టి రాయి పేల్చే ముందు ఎర్రగుడ్డ ఊపుతూ మూడుసార్లు అరవాలి. మేకలు కాచేవాళ్ళకూ కట్టెలు ఏరేవాళ్ళకూ అందరికీ వినపడాలి. ఆ తర్వాత పేలుళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని, పెట్టిన గుంతలన్నీ పేలాయని తేల్చుకున్నాక, "అయిపాయ, రండప్పా" అని కూలీలను పిలవాలి. సుకుమార్ గొంతు అవతలి మామిడితోపుల దాకా పోయేది. ఇంట్లో అతని తల్లి సుబ్బులమ్మ కొడుకు మధ్యాహ్నపు కేక విని పొయ్యిమీద ఎసరు పెట్టేది. గడియారం ఎందుకు దండగ అనేది.

తమ్ముడు జోయల్‌ను ఆ పనికి తీసుకుపోయింది కూడా సుకుమారే. ఏడేళ్ళనాడు ఒకరోజు ఆరు గుంతల్లో మందు పెట్టారు. ఆరూ పేలాయని సుకుమార్ లెక్క. పేలింది ఐదే. కొండ తిప్పికొట్టిన చప్పుడును అతని చెవి ఇంకో పేలుడుగా లెక్కవేసింది. అయిపాయ, రండప్పా అన్నాడు. అందరికంటే ముందు వచ్చినవాడు జోయల్. ఆరో గుంత అప్పుడు పేలింది. ఇరవై ఆరేళ్ళ జోయల్ అక్కడికక్కడే పోయాడు. సుకుమార్‌కు రెండు చెవులూ పోయాయి. తిరుపతిలో డాక్టర్లు చెవిమిషను పెట్టి చూశారు, లోపలి నరమే చచ్చిపోయిందని మిషను తీసేశారు. మాట్లాడటానికి అడ్డేమీ లేదని ఒక కాగితంమీద రాసి చేతికిచ్చారు.

కానీ సుకుమార్ నోరు విప్పలేదు. తమ్ముణ్ణి పిలిచింది ఆ గొంతే. ఇక అది ఇంకెవరినీ పిలవకూడదనుకున్నాడు. ఈ సంగతి పెళ్ళాం గ్రేసీకి కూడా రాసి చూపించలేదు. ఊరు మాత్రం ఎంతసేపు ఆలోచిస్తుంది? మొదటి ఏడాది అయ్యో అంది, రెండో ఏడాది మూగోడు అంది, ఆ తర్వాత ఎవరిపని వాళ్ళు చూసుకున్నారు.

చెవులతో పనిలేని పని ఒకటి వెతుక్కున్నాడు. తెల్లవారుజామున మల్లెతోటలో పూలు కోసి, తడిగుడ్డలో చుట్టి, పైన అరటిపట్ట కప్పి, చెన్నై పోయే మొదటి బస్సుకు ఎక్కించాలి. అందరూ కట్టిన మూటలు ఒక ఎత్తు, సుకుమార్ కట్టిన మూట ఒక ఎత్తు. అతని మూటలో పూలు చెన్నైలో కోయంబేడు మార్కెట్టు దాకా మొగ్గమీదే ఉంటాయని తోటయజమాని చెప్పుకునేవాడు. పది గంటలకు ఇంటికి వచ్చేసేవాడు. గ్రేసీ పొద్దున ఏడున్నరకు కంపెనీ బస్సెక్కితే సందకాడ దిగేది. పిల్లలు లేరు. మధ్యాహ్నమంతా ఆ రేకుల ఇంట్లో తల్లీ కొడుకూ ఇద్దరే.

ఆ ఏడేళ్ళలో సుబ్బులమ్మ అప్పుడప్పుడు అతని ఎదురుగా కూర్చుని ఏదో పొడుగ్గా అడిగేది. కళ్ళు అతని మొహంమీంచి తీసేది కాదు. సుకుమార్‌కు పెదవులు చదవడం రాదు. గ్రేసీ వైపు చూసేవాడు. గ్రేసీ చీటీమీద "అన్నం తిన్నావా అని అడుగుతా ఉండాది" అని రాసేది. తిన్నావా అని అడగడానికి అంతసేపా? అతనేమీ పసిబిడ్డ కాదు. అమ్మ నిలదీస్తోందనీ, పెళ్ళాం దాస్తోందనీ అనుకున్నాడు. నా బిడ్డను నువ్వే చంపుకున్నావు కదరా అనే మాట ఎన్ని విధాలుగా అనొచ్చో అన్ని విధాలుగానూ మనసులో తనే అనుకుని, తల దించుకుని లేచి వెళ్ళిపోయేవాడు. సుబ్బులమ్మకు చదువు రాదు. రాసి చూపించే దారి ఆమెకు లేదు.

ఈ ఏడు చలికాలం చివర్లో సుబ్బులమ్మ కడుపులో గడ్డ ఉందని తేలింది. ముదిరిపోయింది, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టమన్నారు. మే నెల వచ్చేసరికి మనిషి మంచంలో చిన్నదైపోయింది. పొద్దున మాత్రవేస్తే మగత, సాయంత్రం నొప్పి. నడిమధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా మాత్రం తెలివిగా ఉండేది. ఆ గంటలోనే మళ్ళీ అతని మొహంలోకి చూస్తూ అడగడం మొదలుపెట్టింది. ఈసారి లేచి వెళ్ళిపోవడానికి సుకుమార్‌కు కాళ్ళు రాలేదు. ఇంక ఎన్నాళ్ళు అడుగుతుంది? తిట్టినా సరే, ఆమె నోటిమాట ఆమె పోయేలోగా తెలుసుకోవాలనిపించింది.

సత్యవేడు బజారులో సెల్ ఫోన్లు బాగుచేసే మునికుమార్ ఉన్నాడు. నోరు కొంచెం దురుసు, చెయ్యి మంచిది. సుకుమార్ కాగితంమీద రాసి అడిగితే, అతని పాత ఫోనులోనే ఒక ఆప్ ఎక్కించి ఇచ్చాడు. మనిషి మాట్లాడితే విని, ఆ మాటలను తెలుగు అక్షరాల్లో తెరమీద రాసిపెట్టే ఆప్. నెట్టు లేకపోయినా ఫోను తనలోతానే ఆ పని చేసుకుంటుంది.

"మాట్లాడేవాళ్ళ నోటికి దగ్గరగా పెట్టు. అంతే," అని మునికుమార్ అన్నమాట ఆ తెరమీదే అక్షరాలై వచ్చింది. ఏడేళ్ళ తర్వాత ఒక మనిషి మాట మనిషి నోటినుంచి వచ్చినట్టే చూసి, సుకుమార్ ఆ దుకాణం ముందే కాసేపు నిలబడిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఫోనుకు చార్జరు తగిలించి, రెగ్జిన్ పౌచ్‌లో ఉన్నది ఉన్నట్టే తల్లి తలగడమీద పెట్టాడు. బయట ఎండ మండిపోతోంది. రేకులకింద గది పొయ్యిలా ఉంది. సుబ్బులమ్మ ఫోను వైపు అనుమానంగా చూసి పెదవులు కదిలించింది. అక్షరాలు వచ్చాయి.

"సుకుమారూ. నా మాట కనబడతాందా నీకి?"

అతను తల ఊపాడు.

"ఏడేండ్ల నుంచి నిన్నొకటి అడగల్లని ఉండాది. ఆ దినం కొండకాడ"

తెర నల్లబడింది. ఫోను బాగా వేడెక్కింది, చల్లారేదాకా ఆగండి అని ఒక ముక్క మెరిసి ఆరిపోయింది. చేత్తో పట్టుకుంటే కాలింది. నిజం చెప్పాలంటే సుకుమార్‌కు ప్రాణం కుదుటపడింది. ఆ వాక్యం పూర్తికానందుకు ఫోనుకు దణ్ణం పెట్టాలనిపించింది. అంతలోనే తల్లి వైపు చూశాడు. ఫోను ఆగిపోయిందని ఆమెకేం తెలుసు? ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అడగాల్సిందంతా అడిగి, ఆగి, జవాబు కోసం చూసింది. అతను తల అడ్డంగా ఊపి ఫోను చూపించాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. ముసలివాళ్ళు నిన్న ఆపిన చోటనుంచి ఎత్తుకుంటారా? సుబ్బులమ్మ మళ్ళీ మొదటినుంచి వచ్చేది. జోయల్ పుట్టినప్పుడు వాన, మీ నాయన ఊళ్ళో లేడు, మంత్రసానికి కబురు పెడితే రాలేదు, ఇలా చెప్పుకుంటూ కొండదాకా వచ్చేసరికి ఫోను ఆరిపోయేది. ఐదు నిమిషాలు, గట్టిగా అయితే ఆరు. రోజుకో ఆరు నిమిషాలు ఇచ్చే ఫోనుతో, ఎన్నిరోజులు ఉంటుందో తెలియని మనిషి మాట ఎప్పటికి పూర్తవుతుంది?

నాలుగోరోజు సుకుమార్‌కు ఒక ఆలోచన తట్టింది. వేడికి వాడిపోయేదాన్ని ఎలా కాపాడాలో ఈ చుట్టుపక్కల అతనికంటే తెలిసినవాడెవడు? వేడెక్కిన ఫోనును తడిగుడ్డలో నాలుగు మడతలు చుట్టి, పైన అరటిపట్ట కప్పి, నీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పెట్టాడు. పావుగంట ఆగి తీస్తే చల్లగా ఉంది. తన తెలివికి తనే సంతోషపడి తల్లి దగ్గరకు తెచ్చాడు. ఆప్ తెరుచుకుంది. సుబ్బులమ్మ మాట్లాడింది. ఒక్క అక్షరం రాలేదు. కెమెరా అద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. ఆమె చాలాసేపు మాట్లాడింది. అతను ఖాళీ తెర చూస్తూ కూర్చున్నాడు.

మునికుమార్ ఆ ఫోనును తిప్పితిప్పి చూశాడు. తర్వాత తన ఫోనులోని ఆప్ తెరిచి, దానికేసి మాట్లాడి సుకుమార్‌కు చూపించాడు.

"ఏమప్పా, దీనికి తలంటు పోసినావా?"

సుకుమార్ జరిగింది కాగితంమీద రాశాడు. మునికుమార్ చదివి ఈసారి ఎగతాళి చేయలేదు. వెనక మూత విప్పి, బ్యాటరీని పక్కకు తిప్పి చూపించాడు. మధ్యలో ఉబ్బి ఉంది.

"సూడు, పొట్ట వచ్చేసినాది. కాలేదాన్ని ఒక్కసారిగా సల్లటి దాంట్లో పెడితే లోపల చెమట పడతాది. మైకు దానికే పోయినాది. పూలకి తడి మంచిదప్పా, దీనికి కాదు. ఇంగ నాలుగు దినాలు ఇట్నే సార్జింగ్ పెట్టి వాడింటే ఈ బ్యాటరీ మీ అమ్మ తలకాడ పగిలిండేది."

సుకుమార్ బల్లకు ఆనించిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. మునికుమార్ అది గమనించి నీళ్ళ బాటిల్ ముందుకు జరిపాడు. కొత్త బ్యాటరీ, మైకు తిరుపతి నుంచి రావాలి, మూడు రోజులు పడుతుందన్నాడు. తన ఫోను అందాకా తీసుకుపొమ్మన్నాడు. సుకుమార్ వద్దని తల ఊపాడు. మొహమాటం అనుకున్నాడు మునికుమార్. మొహమాటం కాదు, పిరికితనం. ఆ మాట వినకుండా ఉండటానికి ఇంకో మూడురోజులు దొరికాయి, అంతే.

మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు సుబ్బులమ్మ మధ్యాహ్నం కూడా కళ్ళు తెరవలేదు. మూడోరోజూ తెరవలేదు. గ్రేసీ కంపెనీకి పోకుండా ఇంట్లోనే ఉండి, చెంచాతో పెదవులు తడుపుతూ కూర్చుంది. అప్పుడు తెలిసింది సుకుమార్‌కు తనేం పోగొట్టుకుంటున్నాడో. ఇస్తానన్న ఫోనును కాదన్న చేతిని నరికేసుకోవాలనిపించింది. సైకిలెక్కి ఎండలో సత్యవేడు దాకా ఆగకుండా తొక్కాడు.

ఫోను సిద్ధంగా ఉంది. కానీ మునికుమార్ వెంటనే చేతికివ్వలేదు. స్టూలు చూపించి కూర్చోమని, తన ఫోనులో ఆప్ తెరిచి ఎదురుగా పెట్టాడు.

"ఇనుకో. నీ అవసరం నాకి తెలిసినాది గాబట్టి చెప్తా ఉండా. ఆ మాటని అక్షరంగా మార్చేదానికి ఇది లోపల్లోపల పరిగెత్తతా ఉంటాది. మన ఒళ్ళు కాలినట్టే దీని ఒళ్ళూ కాలతాది. అది ఆపేదానికి కాదు. ఇంగో వేడి దానికి తోడు కాకుండా సూసుకోవడమే మన పని."

పౌచ్ తీసి చెత్తబుట్టలో వేశాడు. అది ఫోనుకు మే నెలలో దుప్పటి కప్పడమేనన్నాడు. తలగడమీద, పరుపుమీద పెడితే వేడి బయటికి పోయే దారి ఉండదు, ఎండ తగలని పొడి రాతిమీద పెట్టు, రాయి వేడిని లాక్కుంటుంది అన్నాడు. చార్జింగ్ పెట్టి వాడకు, తెల్లవారి చల్లటిపూట ఎక్కించుకో, నిండా ఎక్కించకుండా ఎనభై శాతం దగ్గర ఆపు అన్నాడు. తెర వెలుగు తగ్గించి చూపించాడు. వెనకాల తెరిచి ఉన్నవన్నీ మూసేశాడు. చివరగా విమానం బొమ్మ నొక్కాడు.

"ఇది ముఖ్యం. మీ ఊరు రెండు రాష్ట్రాల నడిమ ఉండాది. ఫోనుకి ఈ పక్క టవరు సరిగ్గా దొరకదు, ఆ పక్కది దొరకదు. ఇటా అటా అని దినమంతా ఎతుక్కుంటానే ఉంటాది. సగం వేడి ఆ ఎతుకులాటకే. నీ ఆప్‌కి టవరుతో పనిలేదు గదా. ఇది నొక్కితే నెమ్మదిగా ఉంటాది. పది పన్నెండు నిమిషాలు వాడు, పది నిమిషాలు పండుకోబెట్టు. వేడెక్కినాదని తొందరపడి మళ్ళీ తడిగుడ్డ తీసినావంటే నా అంగడికి రావద్దు."

సుకుమార్ అన్నీ తలకెక్కించుకున్నాడు. పూలపని నేర్చుకున్నప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. మరునాడు అతను తోటకు పోతే, ఆరు గంటలకు గ్రేసీయే ఫోనును చార్జింగ్ పెట్టి, ఎనభై కాగానే తీసేసింది. అది ఎందుకో ఆమెకు తెలుసు. తెలిసే పెట్టింది. ఆ మధ్యాహ్నమూ సుబ్బులమ్మ కళ్ళు తెరవలేదు.

ఆ మరునాడు ఆదివారం. గ్రేసీ చర్చికి పోయింది. పన్నెండు దాటాక సుబ్బులమ్మ కళ్ళు తెరిచింది. నాలుగు రోజుల తర్వాత, తేటగా. సుకుమార్ గబగబా గ్రేసీ కారం నూరే సన్నికల్లును పొడిగుడ్డతో తుడిచి మంచం పక్కన స్టూలుమీద పెట్టి, దానిమీద ఫోను ఉంచాడు. రెండు తలుపులూ తీశాడు. టేబుల్ ఫ్యాన్‌ను ఫోను వైపు తిప్పాడు. విమానం బొమ్మ నొక్కాడు. మొదటి అక్షరాలు వచ్చాయి.

"ఫోనుకి ఇసరతా ఉండావు. నాకి ఇసరవా?"

సుకుమార్‌కు నవ్వొచ్చింది. ఏడేళ్ళలో అమ్మ వేళాకోళం విన్నది అప్పుడే. ఫ్యాను ఇద్దరికీ తగిలేలా జరిపాడు. ఆమె జోయల్ పుట్టిన వాన దగ్గర మొదలుపెట్టలేదు. టైము లేదని ఆమెకు తెలుసేమో.

"మీ ఆడామె మీద కోపం పెట్టుకోవద్దు. నేను అడిగిందేందో అదెప్పుడూ నీకి రాయలేదు. నాకి సదువు రాదు గానీ, అంత సేపు అడిగితే అంత సిన్న ముక్క రాస్తాందే అని తెలవదా? నువ్వు ఇంగా కుంగిపోతావని దాని భయం. నేనూ ఊరకుండిపోతిని."

ఫోను వెనక చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. ఆరు నిమిషాలు దాటింది, ఆరిపోలేదు.  ఇప్పుడు అంటుంది. అననీ.

"నా బిడ్డని పెట్టెలో పెట్టి తెచ్చినారు. మొగం కూడా సూడనీలేదు. పోయేముందు వాడి పక్కన ఉండింది నువ్వొక్కడివే. వాడు భయపడినాడా? నొప్పి అన్నాడా? ఏమన్నా మాట్లాడినాడా? అది సెప్పేటోడు ఈ లోకంలో నువ్వు తప్ప ఇంగెవరుండారురా నాకి? ఏడేండ్ల నుంచి అదే అడగతా ఉండా."

సుకుమార్ ఆ అక్షరాలను రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివాడు. నిలదీత లేదు. తిట్టు లేదు. ఏడేళ్ళు తను తల దించుకుని లేచిపోయిన ప్రతిసారీ ఆమె అడిగింది ఇదా? జవాబు తన దగ్గరే పెట్టుకుని, అడిగిన తల్లికి వీపు చూపించాడా?

కాగితం రాసి లాభం లేదు, ఆమె చదవలేదు. నోరు తెరిచాడు. మొదట గాలి వచ్చింది. గొంతులో ఏదో గీరుకున్నట్టయింది. తర్వాత ఎదురొమ్ములో అదురు తెలిసింది. మాట పుట్టిందని దాన్నిబట్టే తెలుసుకున్నాడు. ఎంత గట్టిగా వస్తోందో అతనికి తెలియదు. వీధిలో కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి అటు తిరిగారని తర్వాత చెప్పుకున్నారు.

"అమ్మా. పొద్దున ఇద్దరం ఒకే గిన్నెలో సద్ది తిన్యాము. ఎండ లేదు ఆ దినం. ఆరు గుంతలు పెట్టినారు. ఐదే పేలినాయి. కొండ తిప్పికొట్టిన సప్పుడుని నేను ఆరోది కింద లెక్కేసినాను. అయిపాయ రండప్పా అని నేనే పిలిచినాను. వాణ్ణి నేనే పిలిచినానమ్మా."

సుబ్బులమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. అతను కన్నీళ్ళు తుడుచుకోలేదు.

"వాడు భయపడలేదు. నవ్వుతా వచ్చినాడు. నా పక్కన నిలబడినాడు. అన్నా, అమ్మ ఈపొద్దు అలసంద వడలు సేస్తానన్నాది, సందకాడ నీకంటే ముందు పోతా, నువ్వొచ్చేసరికి ఒక్కటి గూడా మిగల్చను, అన్నాడు. నా బుజం మీద ఒకటి కొట్టి గుంతల కాడికి పోయినాడు. అంతే. నొప్పి తెలిసేంత టైము లేదమ్మా వాడికి. నవ్వు మొగంతోనే పోయినాడు."

అది సుకుమార్ తన చెవులతో విన్న ఆఖరి మాట కూడా. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

సుబ్బులమ్మ మొహం ముడుచుకుపోయింది. తర్వాత నెమ్మదిగా విచ్చుకుంది. పెదవులు కదిలాయి. సుకుమార్ ఫోను వైపు తిరిగాడు. తెర నల్లగా ఉంది. చెయ్యి పెడితే కాలింది. తన మాటలన్నీ కూడా అదే విని రాస్తూ కూర్చుంది కదా, పన్నెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. తల్లి ఏదో అంటోంది. తనే పిలిచానని ఒప్పుకున్నాక అంటున్న మొదటి మాట. ఏడేళ్ళుగా తను భయపడిన మాట అదే అయితే? కాకపోతే? ఫోనును గట్టిగా ఊపాలనిపించింది, కుండ వైపు చూశాడు, మళ్ళీ సన్నికల్లుమీదే పెట్టి వదిలేశాడు. అది చల్లారాలి. తొందరపెడితే కాదు.

వాకిట్లో నీడ కదిలింది. గ్రేసీ బైబిలు గుండెకు అదుముకుని గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో. మొగుడి గొంతు వీధి చివరనుంచే విని పరిగెత్తుకొచ్చినట్టుంది, చెప్పులు కూడా విడవలేదు. మొహమంతా తడి.

"అమ్మ ఏమంటాంది?" అని అడిగాడు సుకుమార్. పెళ్ళాంతో ఏడేళ్ళ తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈసారి దాచొద్దు."

గ్రేసీ మంచం దగ్గర కూలబడి అత్త నోటికి చెవి ఆనించింది. చాలాసేపు వింది. దగ్గర్లో కాగితం కనిపించలేదు. సుకుమార్ చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో ఒక్కో అక్షరం నిదానంగా రాసింది. అతను అక్షరాలు కూడబలుక్కున్నాడు.

ఆ వడల మాట ఇంకోసారి చెప్పమంటా ఉండాది.

సుకుమార్ తల్లికి ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, పొద్దున ఇద్దరూ ఒకే గిన్నెలో సద్ది తిన్నదగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.